తింటోంది కదా అనుకోకండి



పొద్దున్నే లేవగానే మన ఇళ్లలో మొట్టమొదట జరిగే పని పళ్లు తోముకోవడం. పళ్లు తోమకుండా పిల్లలు పాలగ్లాసు ముట్టుకుంటే ఊరుకుంటామా? "పాచినోటితో తాగుతావురా!" అని కసురుతాం. అలా కసిరే మనమే, వంటింటి గుమ్మంలో తోకాడిస్తూ నిలబడ్డ కుక్కపిల్లకి గిన్నెలో పెరుగన్నం కలిపి పెడతాం. పుట్టినప్పటినుంచీ ఒక్కసారైనా తోమని నోరది. ఆ సంగతి మనకు తోచనే తోచదు. ఇవాళ నేను మీతో చెప్పాలనుకున్నది ఆ మూగనోటి సంగతి.

నేనేమీ పశువుల డాక్టర్ని కాను. మీలాగే ఇల్లు చూసుకునే దాన్ని. మాది కర్దనూర్. పటాన్‌చెరు మండలంలో, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరగా ఉంటుంది. ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. అలాంటి ఒక అపార్టుమెంటులో అయిదో అంతస్తులో మేం ఉంటున్నాం. మా అబ్బాయి ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక పొమెరేనియన్ కుక్కపిల్లను తెచ్చాడు. పేరు చిన్ని. తెచ్చినవాడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు, పెంచే పని నాకొచ్చింది. ఇది అన్ని ఇళ్లలోనూ ఉన్న భాగవతమే కదూ!

చిన్నికి ఆరేళ్లు దాటేసరికి నోరు వాసన మొదలైంది. దగ్గరికొచ్చి మొహం నాకబోతే మావారు మొహం తిప్పుకునేవారు. "కుక్క నోరు కంపు కొట్టక గంధం వాసన వేస్తుందా?" అని నేనే సర్దిచెప్పాను. పెట్టిందంతా తింటోంది, ఆడుతోంది, గంట మోగితే మొరుగుతోంది. ఇంక దానికి జబ్బేమిటి?

సంగతి మొదట కనిపెట్టింది నేను కాదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. ఈ ఊరి పిల్లే. ఒకరోజు గిన్నెలు తోముతూ తోముతూ ఆగి, "అమ్మా, చిన్ని ఒక్క దిక్కే నములుతున్నది. నోట్లె ఏదో అయింది, సూసిన్రా?" అంది. నేను చూడలేదు. "మా నాయన ఎద్దును కొనేటప్పుడు ముందుగాల నోరే సూస్తుండె" అంది మళ్లీ. నాకు చెంప మీద కొట్టినట్టయింది. నిజమే కదండీ! అంగడిలో ఎడ్లు కొనే రైతు పళ్లు పట్టి చూడందే బేరం మాట్లాడడు. అది రెండు పళ్ల కోడె, నాలుగు పళ్ల కోడె అని చెబుతాడు. మనం ఒళ్లో కూర్చోబెట్టుకుని గారాబం చేసే జీవి నోరు మాత్రం ఏళ్ల తరబడి తెరిచి చూడం.

పెదవి పైకెత్తి చూశాను. దవడ పళ్ల మీద గోధుమరంగు గార, సున్నం పెట్టినట్టు మందంగా పేరుకుపోయి ఉంది. చిగుళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

అప్పుడైనా తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లానా? లేదు. కుక్కలకు స్నానం చేయించి జుట్టు కత్తిరించే దుకాణం ఒకటి ఉందంటే అక్కడికి తీసుకెళ్లాను. మత్తూ గిత్తూ ఏమీ లేకుండా ఇరవై నిమిషాల్లో గార గీకేశారు. చిన్ని గిలగిల్లాడింది గానీ పళ్లు మల్లెమొగ్గల్లా తెల్లబడ్డాయి. తక్కువ ఖర్చులో పని అయిందని మురిసిపోయాను. రెండు నెలలు తిరక్కుండానే కన్ను కింద బుగ్గ వాచింది. ఆ వాపు పగిలి చీము కారింది. కంటికేదో అయిందని పరుగెత్తుకెళ్తే, డాక్టరమ్మ కన్ను చూసి, "ఇది కంటి జబ్బు కాదమ్మా, పంటి జబ్బు" అంది.

కుక్కకు పైదవడలో ఇరువైపులా ఒక పెద్ద పన్ను ఉంటుంది. మాంసాన్ని కత్తెరలా కోసే పన్ను అది. దానికి మూడు వేళ్లు. ఆ వేళ్ల కొసలు సరిగ్గా కన్ను కిందికి వస్తాయి. వేరులో చీము పడితే వాపు పైకి కంటి కింద తేలుతుంది. మందు వేస్తే తగ్గుతుంది, ఆపేస్తే మళ్లీ వస్తుంది. పన్ను సంగతి తేల్చేదాకా అంతే.

"మరి తింటోంది కదండీ!" అన్నాను నేను. ఆవిడ నవ్వి, "అందరూ ఆ మాటే అంటారు" అంది.

ఈ ఒక్క మాట దగ్గర కాస్త ఆగండి. మనకు పన్ను నొప్పెడితే ఇల్లంతా తెలుస్తుంది. బుగ్గ పట్టుకుని కూర్చుంటాం, లవంగం పెట్టుకుంటాం, వంట మానేస్తాం. కుక్కా పిల్లీ అలా కాదు. వాటికి నొప్పిని దాచుకోవడం పుట్టుకతో వచ్చిన గుణం. ఆకలి మాత్రం పంటినొప్పిని చూసి ఆగదు. అందుకని నొప్పిలేని వైపు నములుతాయి, లేదా నమలకుండానే మింగేస్తాయి. మనం 'పంటిబిగువున భరించడం' అంటామే, అక్షరాలా అదే. కాబట్టి తింటోంది కదా అనేది నొప్పి లేదనడానికి సాక్ష్యం కాదు సుమా.

ఈ జబ్బు ఎలా ముదురుతుందో చెబుతాను. పెద్దకుక్కకు నలభై రెండు పళ్లు, పెద్దపిల్లికి ముప్పై. తిన్న కొద్ది గంటల్లోనే వాటి మీద కంటికి కనబడని పాచి పొర కడుతుంది. తుడవకపోతే కొద్దిరోజుల్లో లాలాజలంలోని ఖనిజాలు చేరి అది గట్టిపడి గార అవుతుంది. కుక్క లాలాజలం గుణం వల్ల మనలా పళ్లు పుచ్చడం తక్కువ, గార పట్టడం ఎక్కువ. ఆ గార చిగురు కిందికి దిగుతుంది. చిగురుకీ పంటికీ మధ్య సందు పడుతుంది. కుక్కలో ఆ సందు లోతు మూడు మిల్లీమీటర్లు దాటిందంటే జబ్బు ఉన్నట్టే. అందులో సూక్ష్మక్రిములు చేరి, పంటిని పట్టుకుని ఉన్న ఎముకను తినేస్తాయి. చిన్నజాతి కుక్కలకు చిన్న దవడలో అన్ని పళ్లూ ఇరుక్కుని ఉంటాయి గనుక వాటికి ఈ బాధ మరీ ఎక్కువ. పొమెరేనియన్లు, పగ్గులు, షీట్జూలు పెంచుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

దుకాణంలో గీకించిన గార సంగతి ఇప్పుడు తెలిసిందా? పైకి కనిపించేది గోడకు వేసిన వెల్లలాంటిది. తెగులు పునాదిలో ఉంది. మెలకువగా ఉన్న జంతువుకి చిగురు కింద శుభ్రం చెయ్యడం, లోపలివైపు చూడడం, ఎక్స్‌రే తియ్యడం కుదరని పనులు. కదిలితే గాయం, పైగా ప్రాణభయం. పెంపుడు జంతువుల డాక్టర్ల ప్రపంచ సంఘం 2017లో విడుదల చేసిన దంతవైద్య మార్గదర్శకాల్లో, మత్తు లేకుండా చేసే ఈ గీకుడు పద్ధతి తగదని స్పష్టంగా చెప్పారు. అది నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలియాలనే ఈ ప్రసంగం.

మత్తు అనగానే ఇంట్లో రామాయణం మొదలైంది. "ఎనిమిదేళ్ల ముసలిదానికి మత్తేమిటి, లేవకపోతే?" అన్నారు మావారు. నాకూ గుండె జారింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ముందు రక్తపరీక్ష చేసి కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూస్తారు. గుండె విని, అనుమానముంటే మరికొన్ని పరీక్షలు చేస్తారు. ఆపరేషన్‌కు ముందు ఎన్ని గంటలు తిండి పెట్టకూడదో చెబుతారు. మత్తిచ్చాక శ్వాసనాళంలో గొట్టం వేస్తారు. నోట్లో చల్లే నీళ్లూ ఊడివచ్చే గారా ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆ గొట్టం కాపాడుతుంది. పని జరుగుతున్నంతసేపూ ఒక మనిషి గుండె, ఊపిరి, ఒంటి వేడి చూస్తూనే ఉండాలి. "మత్తులో ప్రమాదం బొత్తిగా లేదని చెప్పను. కానీ చీముతో నిండిన నోరు రోజూ ప్రమాదమే" అందావిడ.

ఎక్స్‌రేలో బయటపడింది అసలు సంగతి. పన్నులో పెద్ద భాగం చిగురు కిందే ఉంటుంది కాబట్టి కంటితో చూస్తే సగం కథే తెలుస్తుంది. చిన్ని కిందిదవడలో పెద్ద దవడపన్ను చుట్టూ ఎముక కరిగి సన్నని గాజుముక్కలా మిగిలింది. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు బిస్కట్టు కొరికినా దవడ విరగవచ్చునన్నారు. విన్నప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

మొత్తం పదకొండు పళ్లు తీశారు. వేళ్లు ఎక్కువున్న పంటిని ఒక్కసారిగా లాగరు. చిగురును మెల్లగా వెనక్కి మడిచి, పన్నును డ్రిల్లుతో ఒక్కో వేరుకు ఒక్కో ముక్క చొప్పున విడదీసి, ఒక్కొక్క ముక్కనే తీస్తారు. తర్వాత చిగురు మూసి, వాటంతట అవే కరిగిపోయే కుట్లు వేస్తారు. మిగిలిన పళ్లను చిగురు కిందదాకా శుభ్రం చేసి, పాచి త్వరగా పట్టకుండా పాలిష్ పెడతారు. ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు.

పదకొండు పళ్లు పోయాయని నేను కళ్లొత్తుకుంటుంటే మా అత్తగారు ఒక మాటన్నారు. ఆవిడకు కట్టుడు పళ్లు. "పళ్లు లేకపోతే బతకలేమటే? నొప్పి ఉంటే బతకలేం గానీ!" అన్నారు. పది రోజులు మెత్తటి అన్నం, ఎముకలు తీసేసి ఉడికించిన కోడిమాంసం కలిపి పెట్టాను. ఉల్లీ వెల్లుల్లీ లేకుండా సుమా, అవి కుక్కలకూ పిల్లులకూ పడవు. మూడో వారంలో చిన్ని, ఎప్పుడో మూలన పడేసిన తాడుబొమ్మను నోట కరుచుకొచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. వయసొచ్చి ఆటలు మానేసిందనుకున్నాను ఇన్నాళ్లూ. నొప్పితో మానేసిందని అప్పుడు తెలిసింది.

ఇక పిల్లుల మాట. పిల్లులకు ఒక విచిత్రమైన జబ్బు ఉంది. పన్ను తనంతట తానే కరిగిపోతుంది. చిగురు అంచున గులాబిరంగు చుక్కలా కనిపిస్తుంది. అక్కడ తగిలితే దవడ టకటకా వణుకుతుంది. దానికి సిమెంటు పెట్టి పూడిస్తే నిలవదు, తియ్యాల్సిందే. వేరు మొత్తం తియ్యాలా, పైభాగం తీస్తే చాలా అన్నది ఎక్స్‌రే చూసి నిర్ణయిస్తారు. ఇంకొన్ని పిల్లులకు నోరంతా పుండులా ఎర్రబడుతుంది. ఆకలితో గిన్నె దాకా వచ్చి, ఒక ముద్ద నోట పెట్టి, కీచుమని అరిచి పారిపోతాయి. అలాంటివాటికి దవడ పళ్లన్నీ, ఒక్కోసారి మొత్తం పళ్లు తీసేస్తారు. వినడానికి దారుణంగా ఉంటుంది గానీ చాలా పిల్లులకు దానితోనే ఉపశమనం. కొన్నిటికి తర్వాత కూడా మందులు కావాలి.

మా అపార్టుమెంట్ల వాళ్లకు మరొకటి. పావురం వెంట దూకి పిల్లి బాల్కనీలోంచి పడుతుంది. పడినప్పుడు గడ్డం నేలకు తగిలి కిందిదవడ నడిమికి రెండుగా విడిపోతుంది, అంగిలి చీలుతుంది. దవడను సన్నని ఉక్కుతీగతో బిగించి కొన్ని వారాలు ఉంచితే కలిసిపోతుంది. అంగిలి చీలిక పెద్దదైతే కుట్టి మూస్తారు. పావురాలు రాకుండా మనం కట్టించే వల, పిల్లి పడకుండా కూడా కాపాడుతుంది. వల చిరిగితే వెంటనే బాగు చేయించండి.

విరిగిన పళ్ల సంగతీ చెప్పాలి. 'పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం' అన్నట్టు, గట్టి ఎముకలు, కొమ్ము ముక్కలు, రాళ్లు కొరికి కుక్కలు పన్ను విరగ్గొట్టుకుంటాయి. మీ గోరు గుచ్చితే నొక్కు పడనంత గట్టి వస్తువును కుక్కకు కొరకడానికి ఇవ్వకండి. పన్ను విరిగి లోపలి ఎర్రటి చుక్క కనిపిస్తే, అది తెరుచుకున్న నరం. దాన్ని వదిలెయ్యకూడదు. పన్ను తీసెయ్యడమో, మనుషులకు చేసినట్టే రూట్ కెనాల్ చెయ్యడమో జరగాలి. కోరపళ్లతో పనిచేసే పోలీసు కుక్కల్లాంటివాటికి రూట్ కెనాల్ చేసి పైన లోహపు తొడుగు కూడా వేస్తారు. నోట్లో గడ్డ కనిపించినా అశ్రద్ధ చేయకండి. అన్ని గడ్డలూ చెడ్డవి కావు. ముక్క తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. చెడ్డదైతే దవడలో కొంతభాగం తీసేసే ఆపరేషన్లు ఉన్నాయి. త్వరగా తెలిస్తే ఫలితం మెరుగు.

మరి ఏం కనిపిస్తే అనుమానించాలి? నోటి దుర్వాసన, ఒకవైపే నమలడం, ముద్ద జారవిడవడం, చొంగలో నెత్తురుచారలు, పంజాతో మూతి గీరుకోవడం, కన్ను కింద వాపు, ఒక ముక్కులోంచే కారడం, ఊరకే తుమ్మడం. పైకోరపన్ను వేరు కుళ్లితే నోటికీ ముక్కుకీ మధ్య దారి పడి తుమ్ములొస్తాయి, జలుబనుకుంటాం. ఆరేడు నెలలు దాటినా పాలపన్ను ఊడకుండా, దాని పక్కనే కొత్తపన్ను వచ్చి ఉంటే అదీ చూపించాలి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. కింది దవడ వేలాడేసి, మింగలేక చొంగ కారుస్తూ, ప్రవర్తన మారిన కుక్కను చూసి "గొంతులో ఎముక ఇరుక్కుందేమో" అని నోట్లో చెయ్యి పెట్టకండి. అది రేబిస్ కావచ్చు. వీధికుక్కైతే మరీ జాగ్రత్త. పొరపాటున చొంగ గాయానికి తగిలినా, గీరుకున్నా, పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. ఇంట్లో పెంచేవాటికి రేబిస్ టీకా ఏటా డాక్టరు చెప్పినట్టు వేయించండి.

ఇంకో హెచ్చరిక వంటింటి వైద్యం గురించి. మనం వేసుకునే నొప్పి బిళ్లలు వాటికి వెయ్యకండి. పారాసెటమాల్ పిల్లికి విషం. లవంగనూనె కూడా పిల్లికి ప్రమాదమే. మన టూత్‌పేస్టు పనికిరాదు. అవి ఉమ్మివెయ్యలేవు, మింగేస్తాయి. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కకు ప్రాణాంతకం.

మరి రోజూ ఏం చెయ్యాలి? మొదటివారం మూతి నిమిరి, పెదవి ఎత్తి, "మంచిదానివి" అని ఏదైనా ఇష్టమైనది పెట్టండి. అంతే. రెండోవారం మెత్తటి పాత నూలుచీర ముక్క వేలికి చుట్టి, ఉప్పు వెయ్యని కోడిమాంసం ఉడికిన నీళ్లలో ముంచి, పళ్ల బయటివైపు రుద్దండి. తర్వాత చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు, జంతువుల కోసం చేసిన పేస్టు. లోపలివైపు తోమకపోయినా ఫరవాలేదు, బుగ్గవైపే గార ఎక్కువ. అరనిమిషం చాలు గానీ రోజూ జరగాలి. వారానికొకసారి గంటసేపు తోమినా లాభం లేదు. చిగుళ్లు అప్పటికే పుండై ఉంటే ముందు వైద్యం, తర్వాతే తోమడం. లేకపోతే బ్రష్షు చూస్తేనే పారిపోతాయి.

ఎక్కడికి వెళ్లాలంటారా? అమెరికాలో పశుదంతవైద్య నిపుణులకు 1988లో, ఐరోపాలో 1998లో ప్రత్యేక సంస్థలు ఏర్పడ్డాయి. మన దగ్గర ఈ పని సాధారణంగా పశువైద్యంలో శస్త్రచికిత్స చదివినవారు చేస్తారు. రాజేంద్రనగర్‌లో 1946 నాటి పశువైద్య కళాశాల ఉంది. ఇప్పుడది 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు పేరిటి పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. నగరంలో ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: మత్తుకు ముందు రక్తపరీక్ష చేస్తారా? శ్వాసనాళంలో గొట్టం వేస్తారా? పళ్లకు ఎక్స్‌రే ఉందా? మత్తు చూసుకోవడానికి వేరే మనిషి ఉంటారా? ఖర్చు అంచనా కాగితం మీద రాసిమ్మనండి. అడగడానికి మొహమాటమెందుకు? కూరగాయల దగ్గర పావుగంట బేరమాడే మనం ప్రాణం దగ్గర నోరు మెదపకపోతే ఎలా?

'నోరు మంచిదైతే ఊరు మంచిది' అన్నారు పెద్దలు. ఆ సామెత మన నోటి గురించి. కానీ మన ఇంట్లో మాటలు రాని నోరు ఒకటుంది. దాని గిన్నెలో అన్నం పెట్టేది మనమే కాబట్టి దాని నోరు చూడాల్సిందీ మనమే. ఈ రాత్రి దానికి అన్నం పెట్టాక ఒక్క నిమిషం దగ్గర కూర్చుని, మెల్లగా పెదవి ఎత్తి చూడండి. నేను రెండేళ్లు ఆలస్యంగా చూశాను. మీరు ఆ పొరపాటు చెయ్యకండి.